కుర్చీలో కూర్చునే మనిషి

జూన్ 3

పంతులమ్మకి,

మామయ్య రాసేది. ఫోన్ ఉండగా ఈ కాగితమేమిటని నవ్వుకుంటున్నావేమో. ఫోన్‌లో బొమ్మ గీయలేను కదా. పైగా ఫోన్ ఎత్తగానే నువ్వు "తిన్నావా, మందు వేసుకున్నావా" అని మొదలుపెడతావు. నా అసలు మాట గొంతులోనే ఉండిపోతుంది. నాలుగో తరగతి వాడి రాత ఇది. తప్పులుంటే నేర్పిన దానివి నువ్వే, నిన్ను నువ్వే తిట్టుకో.

సంగతేమిటంటే, నా పని తిరగబడుతోంది. ఉత్తినే అనడం లేదు, నిజంగానే తిరగబడుతోంది. కింద బొమ్మ చూడు. టీవీ, దాని కింద ఆంప్లిఫయర్ పెట్టె, ముందు రెండు స్పీకర్లు, మధ్యలో ఒకటి, కుర్చీ వెనక రెండు. ఇరవై రెండేళ్ళుగా ఇదే బొమ్మ. కళ్ళు మూసుకుని కలిపేస్తాను. ప్రతి తీగకీ చిన్న కాగితం చుట్టి ఎడమ, కుడి, వెనక ఎడమ, వెనక కుడి అని రాస్తాను. ఆ రాత ప్రకారం పెట్టె వెనక క్లిప్పుల్లో పెడతాను. పోయిన వారం బ్యాంకు మేనేజరు గారింట్లో బిగించి వచ్చాను. మర్నాడు పొద్దున్నే ఆయన గుమ్మంలో నిలబడ్డాడు.

"మిస్త్రీ గారూ, సినిమాలో రైలు ఎడమ నుంచి కుడికి పోతోంది. చప్పుడు కుడి నుంచి ఎడమకి పోతోంది. నా రైలు వెనక్కి నడుస్తోందండీ" అన్నాడు.

వెళ్ళి చూశాను. తీగల మీద కాగితాలు చూశాను, క్లిప్పులు చూశాను. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మీ అత్త పోయాక ఏడాదిన్నరలో ఇలాంటి ఫిర్యాదు ఇది మూడోది. అంతకు ముందు ఇరవై ఏళ్ళలో ఒక్కటి లేదు. కావాలంటే స్పీకర్ల షాపాయన్ని అడుగు, నాకు పనులు చెప్పేది ఆయనే కదా.

నువ్వు ఆ స్పీకర్ల కంపెనీలో కొత్త సెట్ల అట్టపెట్టెల్లో వేసే కాగితాలు రాస్తున్నావు. 'ఇది ఇక్కడ పెట్టు, అది అక్కడ పెట్టు' అని లోకానికంతా చెబుతున్నావు. మీ మామయ్యకి కూడా కాస్త చెప్పు.

మామయ్య


జూన్ 11

మామయ్యకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, బొమ్మ నాలుగుసార్లు చూశాను. బొమ్మలో కుర్చీకి కాళ్ళు మూడే వేశావు. అది తప్ప తప్పేమీ కనపడలేదు.

నేను పద్ధతిగా ఆలోచించాను. తీగలు తెగిపోతే చప్పుడు రాదు. ఒకే స్పీకరుకి ఎరుపు తీగా నలుపు తీగా తారుమారైతే చప్పుడు పల్చబడుతుంది కానీ పక్క మారదు. పక్క మారిందంటే ఎడమ తీగ కుడి క్లిప్పులోకి వెళ్ళినట్టే. పెట్టె వెనక చీకటిగా ఉంటుంది, అక్షరాలు చీమల్లా ఉంటాయి. కోప్పడకు, నీ కళ్ళు చూపించుకున్నావా? మొన్న వచ్చినప్పుడు పేపరు చెయ్యి చాచి పట్టుకుని చదివావు. ఇంకాస్త పొడుగు చెయ్యి ఉంటే పక్కింట్లో పెట్టి చదివేవాడివి.

ఇక్కడ నా పని బాగానే ఉంది. కొత్త సెట్టు ఒకటి రాబోతోంది. దాని కాగితం మొత్తం, బొమ్మలతో సహా, నాకే అప్పజెప్పారు. మా మేడమ్ గట్టి మనిషి. ఎర్ర పెన్ను పట్టుకుంటే కామాలు కూడా వణుకుతాయి. కానీ "ఇంత తేలిగ్గా రాయడం ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగింది. "మా మామయ్య నిచ్చెన కింద" అన్నాను. నవ్వింది. నేను నిజమే చెప్పాను. అమ్మ పనిచేసే చోట బడి లేదని నన్ను మీ ఇంట్లో వదిలినప్పుడు, సెలవు రోజుల్లో నువ్వు తీగ లాగుతుంటే కింద నిలబడి కాగితాలు అందించినదాన్ని నేనే కదా.

ఒక సంగతి చెప్పు. అత్త లేదు కదా, ఇప్పుడు పరీక్ష చేసేటప్పుడు కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారు?

కళ్ళ డాక్టరు దగ్గరికి తప్పకుండా వెళ్ళు.

నీ మేనకోడలు


జూన్ 23

పంతులమ్మకి,

వెళ్ళాను. అద్దాలు ఇచ్చాడు. పెట్టుకుంటే షాపాయన "అరే, మిస్త్రీ కాస్తా మేష్టారయ్యాడే" అన్నాడు. అద్దాలతో మేనేజరు గారింట్లో మళ్ళీ అంతా విప్పి, ఒక్కో తీగ రాత చదువుకుంటూ కలిపాను. రైలు ఇంకా వెనక్కే నడుస్తోంది. కాబట్టి కళ్ళ గొడవ కట్టిపెట్టు.

కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారని అడిగావు. ఎవరూ కూర్చోవడం లేదు. ఇంటివాళ్ళని కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. బిగించేవాడు తన పని తాను చూసుకోవాలి కానీ డబ్బిచ్చేవాళ్ళ చేత పని చేయించకూడదు. నేను ఎప్పటిలాగే పెట్టె దగ్గర కుర్చీ వైపు తిరిగి నిలబడతాను. పరీక్ష బొత్తాం నొక్కుతాను. ఒక్కో స్పీకరులోంచి హుస్సుమని వాన చప్పుడు వస్తుంది కదా. మీ అత్త కళ్ళు మూసుకుని కూర్చుని, ఏ పక్క వాన పడితే ఆ పక్క చెయ్యి లేపేది. ఎంత దూరంగా ఉందో వేళ్ళతో చూపించేది. నేను ఇప్పుడు కూడా బొత్తాం నొక్కి ఒక క్షణం ఆగుతున్నాను. ఆ చెయ్యి లేవదు. నేనే తలూపుకుని తర్వాతది నొక్కుతున్నాను.

ఇది ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నాను. మొన్న ఆదివారం మనింట్లో సెట్టు విప్పాను. ఆవిడ పోయినప్పటి నుంచి దాన్ని ముట్టుకోలేదు. దుమ్ము గూడు కట్టింది. అన్నీ తుడిచి, కాగితాలు చూసుకుని మళ్ళీ కలిపాను. మర్నాడు పొద్దున అదే సినిమా పెట్టాను. మనింట్లో కూడా రైలు తిరగబడింది. ఇన్నేళ్ళు ముందుకు నడిచిన రైలు.

మనింటికి ఇంకెవరూ రారు. పరీక్ష చప్పుడు ఆపి కుర్చీ వైపు చూశాను. మెత్త మెల్లగా పైకి లేస్తోంది. ఎవరో అప్పుడే లేచి వెళ్ళినట్టు. ఆ మెత్త నీకు తెలుసు, కూర్చుని లేస్తే అంగుళం అంగుళం ఊపిరి పీల్చుకుంటూ లేస్తుంది. అందులో నేను కూర్చోలేదు. నేను ఎప్పుడూ కూర్చోను, అది ఆవిడ కుర్చీ.

పట్టపగలు పదకొండు గంటలు. నేను మందు తాగను, నీకు తెలుసు.

నేను వెళ్ళిపోయాక ఎవరో నా తీగలు మారుస్తున్నారు. ఎవరో నాకు తెలుసు. ఎందుకో తెలియడం లేదు.

మామయ్య


జూలై 1

మామయ్యకి,

నీ ఉత్తరం ఆఫీసులో విప్పి చదవలేక ఇంటికి తెచ్చుకున్నాను. నాకు భయం వేసింది. దెయ్యం గురించి కాదు, నీ గురించి.

అనుమానం పెనుభూతం అంటారు. ఒంటరిగా ఉన్న మనిషికి మెత్త లేస్తుంది, తలుపు మూలుగుతుంది. నేను చదువుకున్నదాన్ని, దీనికి కారణం వెతకాలి. నువ్వు సరిగ్గానే కలుపుతున్నావు, తర్వాత మారుతోంది. అంటే ఎవరో మనిషే మారుస్తున్నాడు. మనింటి రెండో తాళంచెవి ఎక్కడుంటుంది? షాపాయన దగ్గర. నువ్వు ఏ ఇంట్లో ఎప్పుడు పని ముగిస్తావో ఎవరికి తెలుసు? షాపాయనకి. ఆయన ఈ మధ్య కొత్త ఫిట్టరు ఒకణ్ణి కుదుర్చుకున్నాడని నువ్వే ఫోన్‌లో చెప్పావు. నీకు చెడ్డపేరు వస్తే ఎవరికి లాభం? ఆలోచించు.

ఇంకో మాట. నా గది చిన్నదే కానీ ఇద్దరికి సరిపోతుంది. కిటికీ పక్కన నీ మంచం వేస్తాను. ఇరవై రెండేళ్ళు నిచ్చెనలెక్కావు, ఇక చాలు. వచ్చెయ్యి.

నీ మేనకోడలు


జూలై 13

పంతులమ్మకి,

ఆలోచించాను. ఆలోచించి ఊరుకుంటే బాగుండేది. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని షాపుకి వెళ్ళాను. అక్కడ ముగ్గురు కొనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ ముందే అడిగేశాను.

"నా తీగలు మార్పించేది నువ్వేనా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఏం తీగలు?"

"నీ కొత్త ఫిట్టరు కోసం నా నోట్లో మట్టి కొడుతున్నావా?"

ఆయన గల్లాపెట్టె సొరుగు లాగి మనింటి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. "వదిన చేతి టీ ఇరవై ఏళ్ళు తాగాను. నేను ఆ ఇంట్లో దొంగతనంగా అడుగుపెడతానా? తీసుకుపో" అన్నాడు. కొనేవాళ్ళు చడీచప్పుడు లేకుండా బయటికి జారుకున్నారు. ఆ రోజు నుంచి షాపు నుంచి పని రావడం లేదు. నీ చదువుకి దండం పెడతాను.

ఆ తాళంచెవి ఇప్పుడు నా దగ్గరే ఉంది. నీ మాట కూడా తేల్చుకోవాలి కదా. మేనేజరు గారింట్లో మళ్ళీ కలిపి, నాలుగు తీగలూ కలిపి దారంతో బిగించి ముడేసి, ముడి మీద లక్క వేశాను. తీగ కదిపితే లక్క పగలాలి. మర్నాడు వెళ్ళాను. లక్క అలాగే ఉంది. నా వేలిముద్ర కూడా అలాగే ఉంది. రైలు మాత్రం వెనక్కే.

మనిషి చెయ్యి అయితే లక్క పగిలేది. ఇప్పుడేమంటావు?

వచ్చెయ్యమన్నావు. మామయ్య నిచ్చెన మోస్తే ఆఫీసులో నీకు చిన్నతనంగా ఉందేమో. సరే. కానీ ఆవిడ కోపంగా ఉంది. ఎందుకో చెప్పేదాకా నేను ఎక్కడికీ కదలను. నా పని నచ్చడం లేదేమో అనిపిస్తోంది. ఉన్నప్పుడు ఒక్క మాట అనలేదు, ఇప్పుడంటోంది.

డాక్టరు గారు కొత్త ఇల్లు కట్టారు. మేం మొట్టమొదట సెట్టు బిగించిన ఇల్లు ఆయనదే, గుర్తుందా? కొత్త ఇంట్లో సెట్టు కూడా నేనే బిగించాలని కబురు చేశారు. ఆగస్టు ఇరవైన. అది కూడా తిరగబడితే ఆవిడ మాట నాకు అర్థమైనట్టే. నిచ్చెన, మీటరు, తీగల చుట్ట ఎవరికైనా ఇచ్చేసి ఇంట్లో కూర్చుంటాను.

మామయ్య


జూలై 26

మామయ్యకి,

ముందుగా షాపాయన విషయంలో నాది తప్పు. నా తెలివి చూపించుకోబోయి నీకు ఉన్న ఒక్క స్నేహితుణ్ణి దూరం చేశాను. ఆయనకి విడిగా ఉత్తరం రాశాను. నువ్వు నిచ్చెన మోస్తే నాకు చిన్నతనమని మాత్రం అనకు. ఆ మాటకి రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

ఇప్పుడు రాయబోయేది మూడుసార్లు రాసి చింపేశాను. చెప్పకపోతే నువ్వు పని మానేస్తావు. చెబితే ఏమవుతుందో నాకు తెలియదు. అయినా చెబుతున్నాను.

కొత్త సెట్టు కాగితం పూర్తిచేసి మేడమ్‌కి ఇచ్చాను. ఆవిడ బొమ్మ చూసింది. ఎర్ర పెన్ను మూత పెట్టేసింది. అదే నాకు ఎక్కువ భయం వేసింది.

"ఇందులో ఎడమ అని రాశావే, అది ఎవరి ఎడమ?" అంది.

నాకు ప్రశ్నే అర్థం కాలేదు. "ఎడమ అంటే ఎడమే కదండీ. పెట్టె దగ్గర నిలబడి కుర్చీ వైపు చూస్తే ఎడమ చేతి పక్క."

"పెట్టె దగ్గర ఎవరు నిలబడతారమ్మా? వినేవాడు కుర్చీలో కదా కూర్చునేది. వాడి ఎడమని బట్టి పేరు పెడతారు. పెట్టె మీద అచ్చువేసిన ఎడమ కూడా వాడిదే. నీ బొమ్మ ప్రకారం కలిపితే ప్రతి ఇంట్లోనూ చప్పుడు తిరగబడుతుంది. ఇది నీకు ఎవరు నేర్పారు?"

నాకు ఎవరు నేర్పారో నీకు తెలుసు.

మామయ్యా, నీ లక్క ఎందుకు పగల్లేదంటే, ఎవరూ ఏమీ మార్చలేదు కాబట్టి. నువ్వు పెట్టె దగ్గర కుర్చీ వైపు తిరిగి నిలబడి నీ ఎడమ చేతి పక్క స్పీకరుకి ఎడమ అని కాగితం చుడతావు. కుర్చీలోవాళ్ళకి అది కుడి. బొత్తాం నొక్కితే వాన నీ ఎడమ పక్కే పడుతుంది, అత్త ఆ పక్క చెయ్యే లేపుతుంది. నీకు అంతా సరిపోయినట్టే ఉంటుంది. నువ్వు కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదు కాబట్టి నీకు తెలిసే దారి లేదు.

మరి ఇరవై ఏళ్ళు ఒక్క ఫిర్యాదూ ఎందుకు రాలేదు? రాత్రంతా ఇదే ఆలోచించాను. తెల్లవారుతుండగా నాకు ఒకటి గుర్తొచ్చింది. పని అయిపోగానే నువ్వు నిచ్చెన తీసుకుని బయటికి వెళ్ళి చేతులు కడుక్కునేవాడివి. అత్త చేతిగుడ్డ తీసుకుని పెట్టె వెనక కూర్చునేది. "వెళ్ళేముందు దుమ్ము తుడిచి వెళ్ళాలే, శుభ్రంగా ఉంటుంది" అనేది. నేను పక్కన నిలబడి చూశాను. క్లిప్పులు నొక్కుతుంటే టిక్కు టిక్కుమని చప్పుడు వచ్చేది. దుమ్ము తుడిస్తే టిక్కుమని ఎందుకంటుందని అప్పుడు అడగలేదు.

అత్త ఇప్పుడు నీ తీగలు మార్చడం లేదు. అప్పుడు మార్చింది, ప్రతి ఇంట్లోనూ. ఇప్పుడు మార్చేవాళ్ళు లేరు, అంతే తేడా. అందుకే ఆవిడకి నీ మీద కోపం ఉందని అనుకోవద్దు. కోపగించుకోవడానికి ఆవిడ అక్కడ లేదు మామయ్యా.

నీ మేనకోడలు


ఆగస్టు 2

నీ ఉత్తరం అందింది.

ఇరవై రెండేళ్ళు, రెండు వందల పైన ఇళ్ళు. వాటిల్లో ఒక్కటీ నేను సరిగ్గా కలపలేదంటావు. చదువు వచ్చింది కదా, అనేశావు. నేను ఒంటరిగా ఉన్న ఇంట్లో ఉన్న ఒక్క మనిషిని కూడా లేదనేశావు.

పని ఉంది.

మామయ్య


ఆగస్టు 7

మామయ్యకి,

ఆ చివరి వాక్యం రాయకుండా ఉండాల్సింది. నేను కాగితాలు రాసి రాసి మనుషులకి కూడా కాగితంలాగే రాయడం అలవాటైపోయింది.

నన్ను ఎన్ని మాటలైనా అను. కానీ ఒక్క పని చెయ్యి. డాక్టరు గారి పాత ఇంట్లో సెట్టు ఇంకా ఉందా? దాన్ని నువ్వు గానీ ఇంకెవరు గానీ మళ్ళీ విప్పలేదు కదా? ఇరవయ్యో తేదీకి ముందు వెళ్ళి దాని వెనక చూడు. నీ చేతిరాత కాగితం ఏ క్లిప్పులో ఉందో చూడు. ఎడమ అని రాసిన తీగ ఎడమ క్లిప్పులోనే ఉంటే నాదే తప్పు. ఈ ఉద్యోగం మానేసి వచ్చి నీ నిచ్చెన పట్టుకుంటాను, ఒట్టు.

నాకు నువ్వు పని మానడం ఇష్టం లేదు. వచ్చెయ్యమన్నది భయంతో అన్నాను. తీగ నున్నగా గోడ అంచున లాగి, మూల దగ్గర వంచేటప్పుడు బొటనవేలితో రాస్తావే, అలా చేసేవాళ్ళు ఎవరూ లేరు. ఇక్కడ మా కంపెనీ ఫిట్టర్లు తీగల్ని పాముల్లా వదిలేస్తారు.

నీ మేనకోడలు


ఆగస్టు 24

పంతులమ్మకి,

ఇది పెద్ద ఉత్తరం, తీరిగ్గా చదువు.

పన్నెండో తారీఖున డాక్టరు గారి పాత ఇంటికి వెళ్ళాను. సామాను సగం తరలించేశారు. ముందు గదిలో సెట్టు, కుర్చీ, గోడ మీద పటాలున్న చోట తెల్లటి మచ్చలు మిగిలాయి. డాక్టరు గారు "ఇంకా అద్భుతంగా మోగుతుందయ్యా, పారెయ్యబుద్ధి కావడం లేదు" అన్నారు. దుమ్ము చూస్తానని చెప్పి పెట్టె వెనక కూర్చున్నాను. అద్దాలు పెట్టుకున్నాను.

కాగితాలు పసుపు పచ్చగా అయిపోయాయి. నా రాతే. అప్పటికి నువ్వు నాకు అక్షరాలు దిద్దించలేదు కదా, ఎడమలో 'డ' ఇంకోలా ఉంది. ఆ తీగ కుడి క్లిప్పులో ఉంది. కుడి అని రాసింది ఎడమ క్లిప్పులో. వెనకవి రెండూ అంతే. రాగి మొనలు పీచులు లేకుండా గట్టిగా మెలేసి ఉన్నాయి. నేను మెలేస్తే కుడి వైపుకి తిప్పుతాను. అవి ఎడమ వైపుకి తిప్పి ఉన్నాయి. ఆవిడది ఎడమ చేతివాటం.

నాకు గుర్తొచ్చింది. నేను మర్చిపోయానా, గుర్తు పెట్టుకోవాలనుకోలేదా, తెలియదు. ఆ ఇంట్లోనే, ఆ మొదటి రోజు, సినిమా పెట్టగానే ఆవిడ కుర్చీలోంచి లేచి "ఇదేదో తిరగబడినట్టుందండీ" అంది. డాక్టరు గారు, వాళ్ళావిడ, వాళ్ళ చుట్టాలు, గదినిండా జనం. అది నా మొదటి పని. నేను అందరి ముందూ "నీకేం తెలుసు? చెయ్యి లేపడమే నీ పని. నోరు కాదు" అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. నేను చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడే ఆ తీగలు మార్చి ఉంటుంది. ఇంటికి వచ్చేటప్పుడు దారిలో చేతిగుడ్డ ఒకటి కొనమంది. ఎందుకంటే, దుమ్ము తుడవడానికంది.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళు నోరు విప్పలేదు. నేను చేతులు కడుక్కుని వచ్చేలోపు నాలుగు తీగలు మార్చేది. ఇంటివాళ్ళు "మిస్త్రీ చెయ్యి బంగారం" అంటుంటే పక్కన నిలబడి వినేది.

డాక్టరు గారిని అడిగి ఆ కుర్చీలో కూర్చున్నాను. "కూర్చోవయ్యా, ఇన్నాళ్ళూ నిలబడే ఉన్నావు" అన్నారు. రైలు సినిమా పెట్టారు. పంతులమ్మా, నేను బిగించిన సెట్టు నేను కుర్చీలో కూర్చుని వినడం అదే మొదటిసారి. రైలు ఎడమ పక్క మెల్లగా మొదలై, ముఖం ముందు నుంచి దాటి, కుడి పక్కకి పోయి, వెనక దూరమైపోయింది. అలా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. అది పోయాక కూడా చాలాసేపు లేవలేకపోయాను. డాక్టరు గారు నాడి పట్టుకుని చూశారు.

మర్నాడు షాపాయన దగ్గరికి వెళ్ళాను. నీ ఉత్తరం ఆయనకి అందింది. గల్లాపెట్టె అద్దం కింద పెట్టుకున్నాడు. నేను ఏమీ అనకముందే "నిచ్చెన నేను పడతాను, పద" అన్నాడు. ఆవిడ పోయాక నేను ఒక్కణ్ణే బిగించిన ఇళ్ళు పదకొండు. ముగ్గురే అడిగారు. మిగతా ఎనిమిది ఇళ్ళవాళ్ళకి తేడా తెలియలేదో, నాకు చెప్పడానికి మొహమాటపడ్డారో. అన్నీ తిరిగాం. ప్రతి ఇంట్లోనూ తీగలు మార్చి, షాపాయన్ని పెట్టె దగ్గర నిలబెట్టి నేను కుర్చీలో కూర్చున్నాను. ఆయన బొత్తాం నొక్కి, "వచ్చిందా? ఏ పక్క?" అని సంతలో అరిచినట్టు అరుస్తాడు. మేనేజరు గారు తన రైలు ముందుకు నడవడం చూసి చప్పట్లు కొట్టాడు. ఇంట్లోవాళ్ళందర్నీ పిలిచి మళ్ళీ నడిపించాడు.

ఇరవయ్యో తారీఖున డాక్టరు గారి కొత్త ఇల్లు. కుర్చీ వెనక నిలబడి, టీవీ వైపు తిరిగి, అప్పుడు కాగితాలు రాశాను. మొదటిసారే సరిగ్గా వచ్చింది. ఎవరి చెయ్యీ పడలేదు. నిచ్చెన ఇవ్వడం లేదులే, భయపడకు. షాపాయన వచ్చే నెలకి నాలుగిళ్ళు రాసి పెట్టాడు.

పాత ఇంటి సెట్టు ఏం చెయ్యమంటావని డాక్టరు గారు అడిగారు. ఇల్లు కొన్నవాళ్ళు వాడుకుంటారట, అలాగే ఉంచమన్నాను. అలా ఆవిడ కలిపిన తీగలు ఊడదీయని ఇళ్ళు ఇంకా రెండు వందలున్నాయి. వీధిలో నడుస్తుంటే ఏదో కిటికీలోంచి సినిమా చప్పుడు వినిపిస్తుంది. అది మనం బిగించిన ఇల్లే అయితే ఆగిపోతున్నాను. పెట్టె వెనక చీకట్లో ఎడమకి మెలేసిన మొనలు ఉంటాయి. నువ్వు ఆవిడ లేదన్నావు. చదువుకున్నదానివి, నువ్వన్నది నిజమే. ఇన్నాళ్ళూ కోపంగానైనా ఉంది కదా అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా అన్నీ సరిగ్గా మోగుతున్నాయి.

మన ఇంట్లో ఒక్కచోటే ఆవిడ మెలేసిన మొనలు లేవు. జూన్‌లో నేనే విప్పి, కత్తిరించి, కొత్తగా మెలేశాను. ఇన్ని ఇళ్ళు దిద్దాను కానీ మన ఇంటిది ముట్టుకోలేదు. రైలు ఇంకా వెనక్కే నడుస్తోంది. తప్పు నాదని తెలుసు, ఏ తీగ ఎక్కడికి వెళ్ళాలో తెలుసు, నాలుగు క్లిప్పులు నొక్కితే అయిపోతుంది. సాయంత్రాలు సినిమా పెట్టుకుని ఆ కుర్చీ పక్కన కింద కూర్చుంటున్నాను. అయిపోగానే చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళుతున్నాను. కాస్త ఆలస్యంగా వస్తున్నాను.

సెలవులకి రా. ఆ తీగల జోలికి మాత్రం పోకు.

మామయ్య